పిడి మీది బంగారం

ఆవకాయ పెట్టే రోజున మా ఇంట్లో అటక మీదనుంచి ఒక కత్తిపీట దిగుతుంది. రోజూ కూరలు తరుక్కునే చిన్న కత్తిపీట వేరే ఉంది. ఇది ఏడాదికి ఒక్కసారి దిగి, పని కానిచ్చి, నూనె రాయించుకుని మళ్ళీ అటకెక్కేస్తుంది. చింతచెక్క పీట, మూరెడు పొడుగు కత్తి. చిన్నరసం కాయని దానికి ఆనించి పైనుంచి అరచేత్తో ఒక్క గుద్దు గుద్దితే టెంకతో సహా రెండు చెక్కలూ అటొకటి ఇటొకటి పడతాయి. మా నూజివీడు కాయల సంగతి తెలియని వాళ్ళకి ఇందులో గొప్పేమిటో బోధపడదు. ఆవకాయ కాయంటే టెంక ముదిరి ఉండాలి. ముదిరిన టెంక రాయితో సమానం. అందుకే ఇప్పుడందరూ బజార్లోనే డబ్బులిచ్చి ముక్కలు కొట్టించుకు తెచ్చుకుంటున్నారు. "మీకేమండీ, ఆ కత్తిపీట ఉందిగా" అని మా పక్కింటావిడ ఏటా అంటుంది. అని ఊరుకోదు, తన కాయలు కూడా బుట్టలో పెట్టి పంపిస్తుంది.

ఇంతకీ అది పుట్టుకతో కత్తిపీట కాదు. యుద్ధం చేసే కత్తి. మా వారి పూర్వీకులలో ఒకరు ఎవరో జమీందారు కొలువులో సిపాయిల మీద జమేదారుగా ఉండేవారట. జమీందార్ల సైన్యాలు పోయాయి, కత్తి మాత్రం ఇంట్లో ఉండిపోయింది. పిడికి బంగారు రేకు తాపడం, దానిమీద సన్నటి తీగపని, అక్కడక్కడ ఎర్రరాళ్ళు. ఇదంతా మా అత్తగారు చెప్పగా విన్నదే గానీ ఆవిడా చూడలేదు. "ఆ కత్తి ఎవరినైనా నరికిందాండీ అత్తయ్యగారూ?" అని కొత్తలో అడిగాను. "నరక్కపోతే బంగారం ఎందుకు తొడుగుతారే అమ్మాయ్?" అన్నారావిడ, బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండానే.

మా అత్తగారి అత్తగారి హయాంలో ఒక ఏడు పూత మొత్తం మాడిపోయిందట. తోటని నమ్ముకున్న ఇళ్ళల్లో పూత మాడిందంటే ఆ ఏడు పొయ్యి కూడా చిన్నగానే మండుతుంది. ఆ ఏడే ఇంట్లో పెళ్ళి కుదిరింది. వచ్చే కోడలి చేతికి ఏదో ఒకటి వెయ్యాలి కదా! ఆవిడ మగవాళ్ళనెవరినీ అడగలేదట. అటక మీది కత్తి దింపించి, కంసాలిని పిలిపించి, పిడి మీది బంగారం ఒలిపించేసింది. మూడు కాసుల బంగారం వచ్చింది. జత గాజులయ్యాయి.

మిగిలిన కత్తిని కమ్మరికి చూపించారు. అతను దాన్ని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకు విన్నాడట. "దీన్ని కొలిమిలో పెట్టనమ్మా, పెడితే చెడిపోద్ది. కొస తీసేసి పీటకి దిగేస్తా" అన్నాడట. పిడిలోకి దూరి ఉండే తోకే పీటలోకి దిగింది. ఒకప్పుడు జమేదారుగారు గుప్పిట బిగించిన చోటు ఇప్పుడు మేం కాలేసి తొక్కిపట్టే చోటన్నమాట. దసరాల్లో ఆయుధపూజనాడు మాత్రం దింపి కుంకం బొట్టు పెడతాం. దాని పూర్వాశ్రమం తలుచుకుని కాబోలు.

ఆ గాజులు నా పెళ్ళినాడు మా అత్తగారు నా చేతికి తొడిగారు. ఇప్పుడు ఎవరి చేతికి తొడగాలన్నదే నాకొచ్చిన చిక్కు.

2018లో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళాను. బర్మింగ్‌హామ్‌లో ఉంటారు వాళ్ళు. ఆ చలిలో ఇంట్లో కూచుని కూచుని విసుగెత్తితే మనవరాలు మ్యూజియానికి తీసికెళ్ళింది. తిరిగి తిరిగి నా కాళ్ళు లాగుతున్నాయి. "ఇటు రా అమ్మమ్మా, ఇది నీకు నచ్చుతుంది. అంతా బంగారమే" అంది. పిల్ల నన్ను బాగానే కనిపెట్టింది.

ఆ బంగారం కథేమిటంటే, 2009 జులైలో వాళ్ళకి దగ్గర్లోనే, స్టాఫర్డ్‌షైర్‌లో హామర్‌విచ్ అనే పల్లెటూళ్ళో, ఒకాయన లోహాలు పసిగట్టే యంత్రం పట్టుకుని ఒక రైతు చేలో తిరుగుతున్నాడు. అది కూసింది. తవ్వితే బంగారం. ఇంకా తవ్వితే ఇంకా బంగారం. చిన్నా పెద్దా తునకలన్నీ కలిపి 4,600 దాకా తేలాయి. బంగారమే 4 కిలోలు. మన లెక్కలో 500 కాసులు! వెండి వేరే. 32 లక్షల 85 వేల పౌండ్లు విలువ కట్టి, బర్మింగ్‌హామ్, స్టోక్ ఆన్ ట్రెంట్ నగరాలు రెండూ కలిసి కొనుక్కున్నాయి. ఆ డబ్బు కనిపెట్టినాయనా, పొలం రైతూ చెరిసగం. ఎక్కువ భాగం 7వ శతాబ్దపు వస్తువులు. మనకి ఇక్కడ పెదవేగిలో తూర్పు చాళుక్యుల రాజ్యం మొదలైన రోజులనుకోండి. అక్కడ మెర్సియా అని ఒక రాజ్యం ఉండేది. ఎప్పుడూ ఎవరితోనో ఒకరితో కయ్యమే.

నేను సహజంగా గాజులకోసం వెతికాను. లేవు. చెవులవి, మెడలోవి, ఒక్క పిన్నీసు సైతం లేదు. 500 కాసుల బంగారంలో ఆడది పెట్టుకునే వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు! దాదాపు అన్నీ యుద్ధానివే. కత్తి పిడికి చుట్టే రేకులు, పట్టీలు, పిడి చివరి బుడిపెలు. ఆ బుడిపెలే 70కి పైగా ఉన్నాయి. ఒక శిరస్త్రాణం తాలూకు ముక్కలు. శత్రువులు పారిపోవాలని దేవుణ్ణి వేడుకునే బైబిలు వాక్యం చెక్కిన పట్టీ ఒకటి. నాలుగు మడతలు పెట్టి నొక్కేసిన శిలువ ఒకటి.

"మరి కత్తులేవే?" అన్నాను.

"కత్తులు లేవు అమ్మమ్మా. పిడులు ఊడదీసి బంగారం మాత్రమే పాతిపెట్టారు. ఇనప భాగం వేరే వాళ్ళు మళ్ళీ వాడుకుని ఉంటారు" అంది.

అక్కడే నిలబడి నవ్వేశాను. పక్కనున్న దొరసాని వింతగా చూసింది. అక్కడ కత్తి పోయి బంగారం మిగిలింది. మా ఇంట్లోనూ రెండూ విడిపోయాయి గానీ కత్తి వంటింటికొచ్చింది, బంగారం నా చేతికే ఉంది. గాజులు ముందుకి తోసి "ఇవీ అలాంటివే తెలుసా" అని పిల్లకి కథ చెప్పాను. అప్పటికది పదిహేడేళ్ళ పిల్ల. విని ఊరుకుంది.

ఆ పనితనం గురించి చెప్పకపోతే పాపం తగుల్తుంది. మనం కంసాలి దగ్గర కూచుని గంటలకొద్దీ పేచీపెట్టే వాళ్ళం కదా, మనకి అర్థమైనట్టు మగవాళ్ళకి అర్థం కాదు. వెంట్రుకలాంటి బంగారు తీగ, దాన్ని పాముల్లాగా మెలికలు తిప్పి ఒకదాని తోక ఇంకొకటి కొరుకుతున్నట్టు రేకుమీద అతికించారు. అతుకు ఎక్కడుందో భూతద్దంలో చూసినా తెలియదు. భూతద్దాలు మ్యూజియం వాళ్ళవి. చేసినవాడికి ఉన్నవి ఉట్టి కళ్ళే. ఇంక ఎర్రరాళ్ళ పని. మెట్లు మెట్లుగా బంగారు గళ్ళు కట్టి, ఒక్కో గడికి సరిపోయేటట్టు గార్నెట్ రాయిని పల్చటి పలకలా సానబట్టి బిగించారు. గార్నెట్ అంటే మన గోమేధికం జాతే, ఇది దానిమ్మగింజ రంగులో ఉంటుంది. ఆ రాళ్ళు కొన్ని చెక్ దేశం వైపునుంచీ, కొన్ని ఏకంగా మన ఉపఖండం వైపునుంచీ వెళ్ళినవని పరీక్ష చేసినవాళ్ళు అంచనా కట్టారు. మాకు ఎగువన కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేటలో ఈ రాయి దొరుకుతుంది. పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికిన పాతకాలపు పూసలు గరీబ్‌పేట రాళ్ళేనని 2017లో తేల్చారు కూడా. ఆ కత్తిపిడుల్లోవి అక్కడివేనని నేననను. కానీ రాయికి కాళ్ళొస్తే ఎంత దూరం పోతుందో చూడండి.

రాయి అడుగున ఇంకో సంగతుంది. పల్చటి ఎర్రరాయిని ఉట్టినే బిగిస్తే నల్లగా చచ్చినట్టుంటుంది. అందుకని ప్రతి రాయి కిందా పల్చని బంగారు రేకు పరిచారు. ఆ రేకుమీద అడ్డంగీతలూ నిలువుగీతలూ అచ్చొత్తి జల్లెడలా చేశారు. వెలుతురు లోపలికి వెళ్ళి ఆ గీతలకి తగిలి చెదిరి పైకొస్తుంది. అందుకే రాయి లోపల దీపం ఉన్నట్టుంటుంది. ఆ గీతలు ఎంత సన్నమో చెప్పలేను. పైనుంచి చూసేవాడికి మెరుపు కనిపిస్తుంది గానీ, దానికోసం కింద ఎవరు ఎంత అవస్థ పడ్డారో కనిపించదు.

వెండి కలిసిన బంగారానికి పైపైన వెండిని తీసేసి పచ్చగా మేలిమిలా కనిపించేట్టు చెయ్యడం కూడా వాళ్ళకి తెలుసుట. అది చదివినప్పుడు మాత్రం నాకు ఎక్కడలేని సంతోషమూ కలిగింది. వెయ్యిన్నర ఏళ్ళనాడు, అంత దూరంలో కూడా, కంసాలి కంసాలే!

సరే, కిందటి వేసవిలో మనవరాలు మా ఇంటికొచ్చింది. చదువైపోయింది. ఇంజినీరు. మే నెల ఎండలో, "ఆవకాయ నేను కొడతా అమ్మమ్మా" అని పంతం పట్టి కత్తిపీట ముందు కూచుంది. మొదటి కాయలు పదీ చిత్రవధ అయ్యాయి. తర్వాత చెయ్యి కుదిరింది. కాయలు అయిపోవచ్చేసరికి కత్తిని ఎత్తి వెలుతురులో పెట్టి, "ఇదేమిటిది?" అంది.

మాకది తెలిసిందే. ఆవకాయనాడు మధ్యాహ్నానికి ఆ కత్తి నల్లబడి, దానిమీద చెరువులో గాలివీస్తే లేచే అలల్లాగా సన్నటి తెల్లగీతలు కనిపిస్తాయి. సొన మరకలనుకుని బూడిద పెట్టి తోమేస్తాం. ఆ పిల్ల నా చేతిలో బూడిద లాక్కుంది. "తోమకు! ఇది మరక కాదు. వూట్జ్ స్టీల్ ఇలాగే ఉంటుంది. పులుపు తగిలితేనే గీతలు పైకొస్తాయి" అంది.

"వూట్జ్ ఏమిటే?"

"ప్రపంచమంతా వెతికిన ఉక్కు. డమాస్కస్ కత్తులు చేసింది దీంతోనే."

దానికి తెలియందేమిటంటే ఆ వూట్జ్ అనేది మన 'ఉక్కు' మాటే, దొరల నోట పడి అలా అయింది. చెబితే కడుపు పట్టుకు నవ్వింది. 1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జి పియర్సన్ దీనిమీద పెద్ద వ్యాసమే సమర్పించాడు. ఫారడే, ఆ కరెంటు ఫారడేయే, తొలి రోజుల్లో ఇలాంటి ఉక్కు తనూ చెయ్యాలని తంటాలు పడ్డాడు. ఇక్కడ నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మాత్రం మామూలు కమ్మర్లు, ఊక కలిపిన మట్టితో మూసలు చేసి, ఇనుము అందులో పెట్టి మూతి మెత్తేసి, తిత్తులు ఊదుతూ రాత్రీ పగలూ కాచి, నెమ్మదిగా చల్లార్చి ఈ ఉక్కు తీసేవాళ్ళు. ఆ నెమ్మదిలోనే ఉంది కిటుకంతా. 1820 ప్రాంతంలో వాయిసీ అనే దొర అక్కడికి వెళితే, ఉక్కు కొనడానికి పర్షియానుంచి వచ్చిన వర్తకుడొకడు అప్పటికే అక్కడ మకాం వేసి ఉన్నాడు. మా కత్తి ఆ ఊరిదని నేను చెప్పబోవడం లేదు. దీన్ని కొలిమిలో పెడితే చెడుతుందన్న మా ఊరి కమ్మరి మాట మాత్రం నిజమే. ఎక్కువ కాలిస్తే ఆ గీతలు చెరిగిపోతాయని మనవరాలు చెప్పింది. రాయల్ సొసైటీ వాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్న సంగతి అతనికి గోటితో మీటితే తెలిసింది!

ఆ రాత్రి మేడమీద పక్కలు వేసుకున్నాం. మంచి అదను కదా అని గాజులు తీసి దాని చేతిలో పెట్టాను. "ఇవి నీవే. పెళ్ళికి ఇద్దామనుకున్నా, మీ పెళ్ళిళ్ళు ఎప్పుడో ఏమో!" అన్నాను.

వేసుకోలేదు. చేతిలో పట్టుకునే అడిగింది. "అమ్మమ్మా, ఇది మనుషుల్ని చంపిన దాని మీది బంగారం. నీకెప్పుడూ ఏమీ అనిపించలేదా?"

మా అత్తగారి మాట నాకు నోటికొచ్చు. అదే చెప్పాను. కత్తికేం పాపమే, పాపం పట్టిన చేతిది.

"అది కత్తిపీటకి చెల్లుతుంది" అంది. "కత్తిపీటతో ఎవరైనా పొడిస్తే అది దాని పని కాదు, పొడిచినవాడి పాపం. యుద్ధం కత్తి అలాకాదుగా. దాన్ని చేసిందే అందుకు. వేరే పనే లేదు దానికి. చేసినవాడికి తెలియదా?"

ఇంతింత చదువులు చదివిన పిల్లలతో వాదించడం కష్టం సుమండీ. నేనప్పటికి "పడుకో, పొద్దున్నే లేవాలి" అన్నాను గానీ నాకు నిద్ర పట్టలేదు.

ఆలోచిస్తే నాకు ఇంకో చిక్కు తోచింది. చేసినవాడంటే ఎవరు? కత్తికి ఇద్దరు తండ్రులు. కోత పెట్టింది కమ్మరి, మెరుపు పెట్టింది కంసాలి. బంగారం ఎవరినీ నరకదు. రాయి పొదిగినంతమాత్రాన కత్తి పదును ఒక వెంట్రుకవాసి పెరగదు. ఆ లెక్కన కంసాలి నిర్దోషి, నా గాజులూ నిర్దోషే. హమ్మయ్య అనుకుని పక్కకి తిరిగాను. తిరిగానే గానీ కుదుటపడలేదు. పదునుకి పనికిరాని బంగారం అక్కడెందుకున్నట్టు? 500 కాసుల బంగారం, ఆడవాళ్ళకి ఒక్క పోగైనా చేయించకుండా, కత్తులకి ఎందుకు తొడిగినట్టు?

నాకు తోచిన జవాబు అంత బాగోలేదు. ఆ కాలంలో అక్కడ దొర తన మనిషికి నిండుసభలో బంగారు పిడి కత్తి బహుమానమిచ్చేవాడు. పుచ్చుకున్నవాడు ఆ దొరకోసం చావడానికి ఒప్పుకున్నట్టే. మన దగ్గర మాత్రం లేవూ? వీరుడి కాలికి తొడిగిన గండపెండేరం ఏమిటి మరి? పద్ధెనిమిదేళ్ళ కుర్రాడికి ఉట్టి ఇనపకత్తి చేతికిచ్చి చచ్చి రమ్మంటే వాళ్ళమ్మ గుర్తుకొచ్చి వెనక్కి తిరుగుతాడేమో. దీపంలా వెలిగే పిడి చేతికిస్తే, నలుగురూ అటే చూస్తుంటే, ఇంక వెనక్కెలా తిరుగుతాడు? ఇనుము చంపేపని చేస్తుంది, నిజమే. ఆ పనికి పిలిచేది బంగారం. అలా చూస్తే మా ఇంట్లో నిర్దోషి అటక మీద కత్తి. అపరాధి నా చేతికి ఉంది.

మగవాళ్ళని అనేసి ఊరుకుంటే ఏం బాగుంటుంది! మన నగలు మాత్రం కేవలం అందంకోసమేనా? పెళ్ళికి వెళ్ళి కూచోగానే ఎవరి మెడలో ఎన్ని వరసలున్నాయో మన కళ్ళు లెక్కపెట్టవూ? అత్తవారింటికి పంపేటప్పుడు పిల్ల ఒంటినిండా బంగారం దిగెయ్యడం కవచం తొడిగి పంపడం కాదూ? ఆ కవచం చాలలేదని వెనక్కొచ్చిన పిల్లల్నీ చూశాం, రాలేకపోయిన పిల్లల్నీ చూశాం. ఏ కంసాలీ ఆ నగ చేస్తూ ఇదంతా తలుచుకోడు. తలుచుకుంటే వేలు వణుకుతుంది.

ఇంకోవైపు చూస్తే ఇవే గాజులు రెండుసార్లు తాకట్టుకి వెళ్ళొచ్చాయి. ఒకసారి తేనెమంచు పురుగు పట్టి తోటంతా మసిపట్టిన ఏడు, మందులు కొట్టించడానికి. ఇంకోసారి మా అమ్మాయి చదువుకి. అంటే ఈ మనవరాలు ఇంగ్లండులో పుట్టి నన్ను నిలదియ్యడంలో కూడా ఈ గాజులకి వాటా ఉంది. పాపమో పుణ్యమో వస్తువుకి అంటుకునేదే అయితే, ఇది కూడా అంటుకోవాలి కదా? ఒకటి అంటుకుని ఇంకొకటి జారిపోతుందా?

మర్నాడు పొద్దున్న జీడి తీసి ముక్కలు తుడుస్తుంటే ఈ మాటే దానితో అన్నాను. అది గుడ్డ పక్కన పెట్టి, "నేను అడిగింది గాజుల గురించి కాదేమో అమ్మమ్మా" అంది.

అప్పుడు బయటపెట్టింది. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారుట. మంచి జీతం. యుద్ధవిమానాల్లో బిగించే ఒక చిన్న భాగం, వేడికి ఎక్కడా సాగకుండా ఉండేట్టు లోహం తయారుచెయ్యాలి. గుండు కాదు, తుపాకీ కాదు. అరచేతిలో పట్టేంత వస్తువు. "దాంతో ఎవరూ చావరు. కానీ అది లేకపోతే ఆ విమానం లేవదు. ఆ పని చాలా అందమైన పని అమ్మమ్మా, అదే వచ్చిన చిక్కు" అంది. చెబుతూంటే దాని కళ్ళు వెలిగాయి. రెండు నెలల్లో జవాబు చెప్పాలి.

ఇంగ్లండు మ్యూజియంలో రాయి కింద గీతలు గీసినవాడు నా కళ్ళముందుకొచ్చాడు. ఆ పిల్ల అడుగుతున్నది వాణ్ణి గురించన్నమాట. నేను వాడి తరఫున ఏదో చెప్పాలని చూశాను. దొర ఆజ్ఞ కాదంటే వాడి పిల్లలకి తిండి ఎవరు పెడతారు? వాడు రాయిని ప్రేమించాడు గానీ యుద్ధాన్ని కాదు కదా? పైకి కనిపించని చోట అంత శ్రద్ధగా పనిచేసినవాడు దుర్మార్గుడెలా అవుతాడు?

"దుర్మార్గుడని నేననలేదు. వాడు అంత బాగా చెయ్యబట్టే కదా ఆ కత్తి కావాలని అందరికీ అనిపించింది? నువ్వే కదా అన్నావు, పిలిచేది బంగారమని" అంది.

నా మాట నాకే తగిలింది. చేతిలో మామిడిముక్క పట్టుకుని కాసేపలా ఉండిపోయాను. "నీకు తిండికి లోటు లేదు కదే, వాడిలాగా" అన్నాను చివరికి. అది తలూపింది. ఒప్పుకుందో, విన్నానని చెప్పిందో తెలియలేదు. ఉప్పూ కారం ఆవపిండీ కలిపే హడావిడిలో ఆ మాట అక్కడితో ఆగింది. మా వారు వచ్చి నువ్వులనూనె ఎంత పొయ్యాలో సలహా చెప్పబోతే ఇద్దరం కలిసి బయటికి పంపించాం.

వెళ్ళేటప్పుడు గాజులు నా పెట్టెలోనే పెట్టి వెళ్ళింది. కత్తిపీట తీసికెళతానని మాత్రం తెగ సరదాపడింది. "విమానంలో అదెలా పట్టుకెళతావే, పట్టుకు లోపలేస్తారు" అని వాళ్ళ తాతయ్య భయపెట్టారు. ఫొటోలు తీసుకుంది. గీతల్ని దగ్గరగా, ఇంకా దగ్గరగా, ముప్ఫై నలభై ఫొటోలు.

శ్రావణమాసంలో ఫోన్ చేసింది. "ఆ ఉద్యోగం వద్దన్నాను అమ్మమ్మా" అంది. నేను మంచిదే అనబోయేంతలో, "మా క్లాసు అబ్బాయి చేరాడు. నాకంటే తెలివైనవాడు. ఇంకా బాగా చేస్తాడు" అని నవ్వింది. ఆ నవ్వు నాకంత నచ్చలేదు. ఇప్పుడు ఆస్పత్రుల వాళ్ళకి కావలసిన పరికరాలేవో చేసే చోట పనిచేస్తోంది. జీతం తక్కువే. పని బాగుంటుందా అని అడిగితే, "పరవాలేదు" అంది. ఆ మాటలో కళ్ళు వెలగడం వినపడలేదు, ఫోన్లో కాబట్టి అయుండచ్చు.

గాజుల సంగతి కూడా అడిగేశాను, ఊరుకోలేక. "అవి నీ చేతికే బాగుంటాయి. మళ్ళీ వేసవికి వస్తాగా, అప్పుడు చెప్తా" అంది. ఈ ఏడు పూత బాగానే నిలిచింది. పక్కింటావిడ అప్పుడే అడుగుతోంది, కత్తిపీట ఎప్పుడు దింపుతారని.